ఏడో చరణం

ఆ పొద్దున ఆకాశం రెండు మనసుల మీద ఉంది. తూర్పున బెర్విన్ కొండల పైన చుక్కలు కొత్త మేకుల్లా తళతళమంటున్నాయి. పడమటి వైపు మంచుమబ్బు పొట్ట కిందికి జార్చుకుని, నెలలు నిండిన ఆవులా కదలకుండా నిలబడింది. తెల్లారడానికి ఇంకా రెండు మూడు గంటలుంది. క్రిస్మస్ పొద్దున ఐదింటికి, లాంతరు పట్టుకుని చర్చి దారిన దిగుతూ ఇథెల్ ఆ మబ్బు వైపే చూశాడు. నాన్న అయితే ఒక్క చూపు చూసి చెప్పేసేవాడు, ఇది పాటలు అయ్యేదాకా ఆగుతుందనో, ఆగదనో. ఇథెల్‌కి మబ్బు మాట ఎప్పుడూ సగమే అర్థమవుతుంది. పైగా రాత్రంతా కన్ను మూతపడలేదు. ఎర్రావు కడుపులో దూడ అడ్డం తిరిగింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి, కాలు దొరకపుచ్చుకుని, తిప్పి, లాగి, మూడింటికి దూడ గడ్డి మీద పడేసరికి అతని కుడి చెయ్యి తనది కాకుండా పోయింది. ఇప్పుడు కూడా ఆ చేతివేళ్ళు కోటు జేబులో ఉన్న శ్రుతి ఫోర్కును పట్టుకున్నాయో లేదో తెలియడం లేదు. ఉంది. చల్లగా తగిలింది. రెండు కాళ్ళ ఉక్కుముక్క. దాన్ని మోకాలి మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే పాట ఎక్కడ మొదలవ్వాలో అది చెబుతుంది. నలభై ఏళ్ళు నాన్న జేబులో ఉన్నది, అక్టోబరు నుంచి తన జేబులో ఉంది.

వెనక కూతురు లౌరి, ఆ వెనక చెప్పులు కుట్టే ముసలి టెగిడ్. మంచు గడ్డకట్టిన దారి మీద వాళ్ళ బూట్లు చక్కెర నమిలినట్టు చప్పుడు చేస్తున్నాయి.

"గొంతు ఎలా ఉంది టెగిడ్ మామా?"

"గొంతుకేం తల్లీ, గొడ్డలి. చెవుల్లోనే ఒకటి రెండేళ్ళ కిందట పని మానేసింది. రెండోదాన్ని మీ నాన్న పక్కన కట్టేసుకుంటా, సరా?"

లౌరి నవ్వింది. నవ్వాక తండ్రిని అందుకుని, "నాన్నా, బాబాయి వాళ్ళు కూడా వస్తున్నారట" అంది.

"రానీ."

"వాళ్ళు మన పాటే పాడితే?"

ఇథెల్ లాంతరు ఎత్తి ముందుకు నడిచాడు. జవాబు ఉంటే రాత్రి ఆవు దగ్గర కూర్చున్నప్పుడే తనకు తను చెప్పుకునేవాడు.

ఆ లోయలో ఇది మఠాల కాలం నుంచి ఉన్న పద్ధతి. కోడి కూయకముందే చర్చిలో చేరాలి. ప్లగైన్ అంటారు దాన్ని. వాయిద్యం ఉండదు, పుస్తకం చూసి పిలిచేవాళ్ళు ఉండరు, చప్పట్లు అసలే ఉండవు. ఒక్కో ఇంటివాళ్ళు తమంతట తామే లేచి, ముందుకు నడిచి, ఒక పాట పాడి, ఎలా వెళ్ళారో అలా వచ్చి కూర్చుంటారు. ఉన్న కట్టుబాటు ఒక్కటే. ఆ పొద్దున ఒకసారి పాడిన పాటను మళ్ళీ ఇంకొకరు పాడకూడదు. నీ పాట వేరేవాళ్ళ నోట ముందు వచ్చేస్తే, వేరేది పాడు, లేదంటే కూర్చో. ఇథెల్ దగ్గర వేరేది లేదు. ఒక్క పాటే నేర్పాడు ఇద్దరికీ, నవంబరు అంతా, వంటింటి పొయ్యి దగ్గర. నాన్న పాట. నాన్న పోయాక వచ్చిన మొదటి క్రిస్మస్ ఇది. ఈ పొద్దున ఆ పాట తమ బ్రినీథిన్ ఇంటివాళ్ళ నోట రాకపోతే, ఆ లోయలో ఇక ఎవరూ ఏమీ అనరు. అనకపోవడమే వాళ్ళ దగ్గర పెద్ద మాట.

చర్చిలో మైనం వాసన, తడి ఉన్ని వాసన. ప్రతి బల్ల చివర ఒక కొవ్వొత్తి, కిటికీ అరుగుల మీద ఎర్ర పళ్ళ హాలీ కొమ్మలు, జనం నోట్లోంచి తెల్లటి ఆవిరి. ఇథెల్ ఎప్పటి చోటే కూర్చున్నాడు, ఎడమ వైపు మూడో స్తంభానికి ఆనుకుని. ఆ రాయి నాన్న భుజానికి అలవాటై ఒకచోట నున్నగా అయింది, ఇప్పుడు తన భుజానికి చల్లగా తగులుతోంది. కుడి పక్కన లౌరి, ఆ పక్కన టెగిడ్. పనిచేసే చెవి ఇటు, పనిచెయ్యనిది లోకం వైపు. తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి చూశాడు. ఉన్నాడు. నడవకు అవతల, వెనక నుంచి రెండో బల్లలో, తమ్ముడు ఇద్వల్. అటూ ఇటూ బావమరుదులు, పాంట్‌గారెగ్ అన్నదమ్ములిద్దరూ, గేటుకు రెండు స్తంభాల్లాగా. ఇద్వల్ జుట్టు తెల్లబడింది. ఎప్పుడు తెల్లబడింది? శ్మశానంలో చూసినప్పుడు టోపీ ఉంది కాబోలు. టోపీ చేతిలోనే కదా ఉండాలి అప్పుడు. వాన. గుంతకు అవతల వైపు నిలబడి, పాస్టరు గారి మాటలన్నీ అయ్యాక, అందరూ కదిలాక, ఒక్క ముక్క అన్నాడు వాడు. "మూడు రోజులా, అన్నయ్యా?" అంతే. అక్టోబరు సోమవారం గొర్రెలు దింపుతూ నాన్న పడిపోయాడు. మంగళవారం గడిచింది. బుధవారం సాయంత్రం గాని కబురు పంపలేదు తను. గుర్రం ఖాళీ లేదని, రేపటికి తేరుకుంటాడని, డాక్టరు ఏమంటాడో చూద్దామని. గుర్రం ఖాళీగానే ఉంది. కొట్టంలో గడ్డి తింటూ, తను వాకిట్లోకి వచ్చినప్పుడల్లా తలెత్తి చూస్తూ, అన్నీ తెలిసినట్టు. గురువారం ఇద్వల్ వచ్చేసరికి తన భార్య నెస్టా, చావింట్లో చేసినట్టు, కిటికీ తెరలు దించేసింది.

పాస్టరు గారు రెండు ప్రార్థనలు చదివారు. తర్వాత ఎప్పటి మాట, "ప్లగైన్ తెరిచి ఉంది" అని, వెనక్కి తగ్గి చీకట్లో కూర్చున్నారు. ఇక పొద్దంతా జనానిది.

నిశ్శబ్దం. ఎవరు ముందు లేస్తారో ఎవరూ అనుకోరు గాని అందరికీ తెలుసు. మిల్లు వాళ్ళు మొదట, కమ్మరి వాళ్ళు రెండు, బ్రినీథిన్ వాళ్ళు మూడు. తాతల నాటి వరస. ఒకటో రెండో పోదాం నాన్నా, చలికి గొంతు బిగుసుకుంటోంది అని చిన్నప్పుడు ఇద్వల్ గునిసేవాడు. మూడో వాళ్ళకి ఆకలీ ఉండదు తొందరా ఉండదురా అనేవాడు నాన్న. ఈ పొద్దున ముందే లేచిపోవచ్చు. లేచి, పాడేసి, పాటను ఇంట్లో పెట్టి తాళం వేసినట్టు వేసేసి కూర్చోవచ్చు. కానీ లేస్తే ఊరంతా చూస్తుంది, ఇథెల్ తమ్ముడికి భయపడి వరస తప్పాడని. ఇద్వల్ చూస్తాడు. కాబట్టి మూడోది. మూడోదాకా వాడు లేవకుండా ఉంటే చాలు. మిల్లు వాళ్ళు లేచారు. నలుగురు, అప్పాచెల్లెళ్ళు, పిండి రంగు మొహాలు. గొర్రెల కాపరుల పాట. ఇథెల్ ఆ పాట వినలేదు. చెవులు రెండూ వెనక నుంచి రెండో బల్ల మీద పెట్టాడు. ఎవరో దగ్గారు. బల్ల కిర్రుమంది. వాడు గాని లేస్తున్నాడా? లేదు, పక్కవాడు కాళ్ళు మార్చాడు. ఒక మనిషి పాడకపోవడాన్ని ఇంత శ్రద్ధగా వినవచ్చని ఇథెల్‌కి ఇదివరకు తెలియదు.

మిల్లు వాళ్ళు కూర్చున్నారు. కమ్మరి, కొడుకులు లేచారు. కమ్మరి గొంతు కొలిమి తిత్తి. దాని వెచ్చదనమో, కొవ్వొత్తుల వెచ్చదనమో, రాతి స్తంభం కూడా ఇప్పుడు అంత చల్లగా లేదు. కుడి చెయ్యి తొడ మీద వేరే ఎవరిదో లాగా పడి ఉంది. దాని లోపల ఇంకా ఆ కాలు ఉంది, జారుతున్న చిన్న గిట్ట, పట్టుకుంటే వెనక్కి లాక్కుంటున్న కాలు. బతికే ఉందిరోయ్ అనుకున్నాడు ఆ లాగుడుకి. లాగేది బతికున్నదే. పదకొండేళ్ళు ఎవరూ లాగలేదు అటు నుంచి, ఇటు నుంచీ లాగలేదు. దేనికి? ఒక కాగితం. ఇద్వల్ పెళ్ళయి పాంట్‌గారెగ్‌కి ఇల్లరికం వెళ్ళిన ఏడాది, బావమరుదులకు పాట కావాలంటే నాన్న పాటను రాసిచ్చాడు. పన్నెండు చరణాలూ, మూడు గొంతుల స్వరాలూ, శుభ్రంగా, బళ్ళో నేర్చుకున్న గుండ్రటి రాతతో. ఆ క్రిస్మస్‌కి పక్క ఊరి చర్చిలో పాంట్‌గారెగ్ వాళ్ళు అది పాడారని సంతలో ఎవరో చెప్పారు. ఏ ఇంటి పాట ఆ ఇంటిది. విత్తనపు పొట్టేలునైనా అరువిస్తారు గాని పాటను ఇవ్వరు. తాత తన సొంత తమ్ముడికి కూడా చూడనివ్వలేదు, పొగచూరిన ఆ చేతిరాత పుస్తకాన్ని పిండిడబ్బాలో దాచేవాడు. నాన్న ఏమీ అనలేదు. పుస్తకం మూసి డబ్బాలో పెట్టి మూత వేశాడు, అంతే. అన్నది తనే. ఇద్వల్ వాకిట్లో నిలబడితే, "నాన్న గొంతును అత్తారింటికి సారె పెట్టుకున్నావు గదరా" అన్నాడు తనే. వాడి మొహం. చెంప మీద కొట్టినా అలా అయ్యేది కాదు. తర్వాత గేటు చప్పుడు. ఆ గేటు గడియ ఎప్పుడూ రెండుసార్లు మోగుతుంది, ఒకసారి పడినప్పుడు, ఒకసారి కుదురుకున్నప్పుడు. ఆ రోజు ఒక్కసారే మోగింది.

నాన్న ఏమన్నా అనాల్సింది. అనలేదు. కొవ్వొత్తి వెలుగు రెప్పల మీద ఎర్రగా ఉంది. నాన్న పొయ్యి ముందు కూర్చుని మోకాలి మీద ఫోర్కు కొడుతున్నాడు, ట్ఁ, చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటున్నాడు, ఇద్వల్ పైగొంతు, నువ్వు నడుమ, నేను కింద, ఊపిరి తీసుకోండిరా ఇద్దరూ, పందిలా కాదు మనిషిలా. ఇద్వల్‌కి నవ్వు, తనకు నవ్వు. పాట మొదలైంది. ఎంత బాగా వస్తోంది. తోట మొదటి చరణం, ఆదాము తోట, మంచు పట్టని చెట్లు. ఈ పాట కొత్త పాటల్లా తీపిగా మొదలవ్వదు. అది మఠం గోడల నాటిది, మూడు గొంతులూ ఒకదాని పక్కన ఒకటి రాళ్ళు పేర్చినట్టు నడుస్తాయి, చరణం చివర షడ్జమ పంచమాలు తప్ప మధ్యలో ఏమీ మిగలదు, తలుపు తీసి వదిలేసిన గదిలా. ఆ ఖాళీలో గాలి తిరుగుతుంది. రెండో చరణం, ఓడ, వాన. పైగొంతు ఎంత స్వచ్ఛంగా ఉంది. ఇద్వల్ గొంతు మారకముందు ఇలా ఉండేది కాదే, ఇంత బరువు ఉండేది కాదే, ఇది పెద్ద గొంతు, అడుగున ఏదో తడి. కలలో గొంతులకు వయసులు కలిసిపోతాయి కాబోలు. కింద గొంతు కూడా నాన్నది కొంచెం వేరుగా ఉంది, బండగా, పాంట్‌గారెగ్ వాళ్ళు మాట్లాడినట్టు. ఎవరో గిల్లుతున్నారు. దూడ కాలు. లాగకే, వస్తున్నా, వస్తున్నా. నాలుగో చరణం. కన్య, దేవదూత, పత్తికాయ పగిలినంత చప్పుడు లేకుండా. ఐదు. ఆరు. ఆరులో తొట్టి, ఎండుగడ్డి, ఎద్దు ఊపిరి, ఇవాళ రాత్రి తన ముంజేతి మీద తగిలిన ఊపిరి. ఆరు చివర ఆ ఖాళీ గది. ఇప్పుడు ఏడు. ఏడులో నాన్న ఒక్కడే ముందు అందుకోవాలి, కింది నుంచి, ఒంటరిగా. అందుకో నాన్నా. నాన్న అందుకోడు. ఖాళీ గదిలో గాలి. నాన్నా. ఎందుకు ఆగాడు, ఎప్పుడూ ఆగడే. మంచం మీద గురువారం తెల్లవారు జామున కూడా పెదాలు కదిలాయి, ఒంగి చెవి పెట్టాడు తను. మాట కాదది, ఊపిరి తీసుకోవడం, అందుకోబోయేవాడు తీసుకునే ఊపిరి. తీసుకున్నాడు. తర్వాత ఏమీ లేదు. లాడాలు కొట్టిన బూట్లు రాళ్ళ మీద నడుస్తున్నాయి.

కళ్ళు తెరిచాడు. బూట్లు నిజంగానే నడుస్తున్నాయి, బల్లల్లోకి ఎవరో తిరిగి వెళ్తున్నారు. కమ్మరి వాళ్ళు, అనుకున్నాడు. కొవ్వొత్తి ఒక అంగుళం తగ్గినట్టుంది, గాలికి కరిగి ఉంటుంది. చర్చి మొత్తం ఊపిరి బిగబట్టి ఉంది. ఎప్పుడూ ఉండే నిశ్శబ్దం కాదిది, ఇంకా చిక్కగా ఉంది, పాలు విరగబోయే ముందులా. అందరూ తన కోసమే చూస్తున్నారు. మూడోది. ఇద్వల్ తన బల్లలో ఉన్నాడు, తల దించుకుని, చేతులు మోకాళ్ళ మధ్య. లేవలేదు వాడు. లేవలేదు! ఇథెల్ ఛాతీలోంచి ఒక రాయి దొర్లిపోయింది. లేచి నిలబడ్డాడు.

లౌరి అతని కోటు చేతిని పట్టుకుంది. "నాన్నా, వద్దు."

పిల్లకి భయం వేసింది. మొదటిసారి కదా. ఆ చేతిని మెల్లగా విడిపించి, తట్టి, నడవలోకి వచ్చాడు. టెగిడ్ కర్ర చప్పుడు చేసుకుంటూ వెనకే వచ్చాడు. లౌరి ఒక క్షణం కూర్చునే ఉంది. తర్వాత లేచింది. జనం మధ్య తండ్రిని ఒంటరిగా వదిలెయ్యలేక లేచిందని ఇథెల్‌కి ఆ తర్వాత గాని తెలియలేదు.

ముందు, కొవ్వొత్తుల వెలుగు అంచున, ముగ్గురూ దగ్గరగా నిలబడ్డారు. ఫోర్కు మోకాలికి కొట్టాడు, చెవి దగ్గర పెట్టాడు, స్వరం దొరికింది. మెల్లగా ముగ్గురికీ ఇచ్చాడు. టెగిడ్ తలూపాడు. లౌరి తలూపలేదు. అతను అందుకున్నాడు. తోట, మంచు పట్టని చెట్లు. అతని నడిమి గొంతు, టెగిడ్ కింది గొంతు. పైన ఏమీ లేదు. లౌరి నోరు తెరవలేదు. రెండో పాదం. పైన ఏమీ లేదు. మిల్లు వాళ్ళ పెద్దమ్మాయి తల దించుకుంది. ఆమె పక్కన ఆమె చెల్లెలు. కమ్మరి కళ్ళు పైకప్పు వైపు వెళ్ళాయి, వానకు ఎక్కడ కారుతుందో చూస్తున్నట్టు. ఒక్కొక్క తలా గాలి తగిలిన ఓట్స్ చేనులా వంగుతోంది, అందరూ అతన్ని చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నారు. అప్పుడు ఆగాడు. టెగిడ్ ఒక ముక్క ఒంటరిగా పాడి, చెవి అటూ ఇటూ తిప్పి, తనూ ఆగిపోయాడు.

"అయిపోయింది నాన్నా." లౌరి పెదాలు కదపకుండా అంది. "బాబాయి పాడేశాడు. కమ్మరి వాళ్ళ తర్వాత నువ్వు లేవలేదు. రెండుసార్లు గిల్లాను. అందరూ మన బల్ల వైపే చూస్తూ ఉన్నారు, ఎంతసేపో. అప్పుడు బాబాయి లేచాడు."

అయితే అది కల కాదు. ఆ పైగొంతు అడుగున తడి నిజం. ఇథెల్‌కి మొదట వచ్చింది కోపం. అనుకున్నంత పనీ చేశాడు, నాన్న పాట, అత్తారింటి గొంతులతో, తను నిద్రపోతుంటే దొంగలా. అది వచ్చినంత వేగంగా దాని కాళ్ళ కింద నేల పోయింది. దొంగ ఎందుకు అంతసేపు ఆగుతాడు? మొదట్లోనే లేవచ్చు కదా. మిల్లు వాళ్ళకంటే ముందే లేవచ్చు. మూడో వరస వచ్చి, బ్రినీథిన్ బల్ల కదలక, ఊరంతా చూస్తూ ఉంటే లేచాడు. మూడోది ఖాళీ పోకూడదని లేచాడు. ఇదంతా బుర్రకు ఎక్కేలోపే సిగ్గు వచ్చి కూర్చుంది, బరువుగా, తడి గోనెలా. ఈ చర్చిలో పాడిన పాటను మళ్ళీ మొదలుపెట్టినవాడు ఇన్ని తరాల్లో ఒక్కడు కూడా లేడు. ఇక తన పిల్లల పిల్లల దాకా చెప్పుకుంటారు. చెప్పుకోరు, అదే ఘోరం. తిరిగి వెళ్ళి కూర్చోవాలి. అంతే, తిరిగి పదహారు అడుగులు. నాన్న ఫోర్కు చేతిలో చల్లగా ఉంది. అది ఇంకా మోగుతున్నట్టే ఉంది, మోగడం ఎప్పుడో ఆగిపోయినా.

వెనక నుంచి రెండో బల్ల కిర్రుమంది. లాడాలు కొట్టిన బూట్లు, నిదానంగా. ఎవరూ తల తిప్పలేదు గాని మొత్తం చర్చి ఆ బూట్లను వింది. ఇద్వల్ ఒక్కడే వచ్చాడు. బావమరుదులు కూర్చునే ఉన్నారు. వచ్చి, అన్న ఎడమ భుజం పక్కన, చిన్నప్పుడు నిలబడే చోట నిలబడ్డాడు. గొర్రె కొవ్వు వాసన, పొగాకు వాసన. మొహం చూడలేదు. ముందున్న చీకటి వైపే చూస్తూ, ఇథెల్‌కి మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఆరు దాకే పాడాను, అన్నయ్యా. ఏడో చరణం నుంచి ఉంది."

ఆరు దాకే. కలలో నాన్న ఆగిన చోటు. పాడని చరణాలు పాడితే కట్టుబాటు తప్పినట్టు కాదు. పన్నెండు చరణాల పాటను ఆరు దగ్గర ఆపితే ఊరు ఏమనుకుంటుంది, మరిచిపోయాడు అనుకుంటుంది, పాంట్‌గారెగ్ వెళ్ళి నాన్న పాట మరిచిపోయాడు పాపం అనుకుంటుంది. అనుకోనిచ్చాడు వాడు. సగం పాడి, మరిచిపోయినవాడిలా వెళ్ళి తల దించుకుని కూర్చున్నాడు.

పైగొంతు వచ్చేసింది కాబట్టి లౌరి, ఎవరూ చెప్పకుండానే, ఒక అడుగు జరిగి నడిమి గొంతు చోటికి వచ్చింది. పొయ్యి దగ్గర విని విని మూడు గొంతులూ ఆ పిల్లకి వచ్చు. టెగిడ్ అందరి మొహాలూ చూశాడు. చెవికి అందనిది కంటికి అందింది కాబోలు, కర్ర ఎత్తి చప్పుడు కాకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు. మిగిలింది ఒకటే చోటు. అది నాన్నది. ఏడో చరణం కింది గొంతు ఒంటరిగా అందుకోవాలి. మిగతా ఇద్దరూ అది విని గాని రారు. ఇథెల్ ఎప్పుడూ ఆ గొంతు పాడలేదు. విన్నాడు, అంతే, యాభై ఏళ్ళు, కుడి చెవితో.

చర్చి ఆగింది. బయట మబ్బు ఏం చేస్తుందో తెలియదు. పక్కన తమ్ముడు కదలకుండా ఉన్నాడు, పదకొండేళ్ళు కదలకుండా ఉన్నవాడికి ఇంకాస్త ఆగడం ఒక లెక్క కాదు. అందుకోకపోతే ఇక్కడితో సరి. వాడు వచ్చిన దారినే వెళ్తాడు, గేటు గడియ ఒక్కసారే మోగుతుంది. ఊపిరి తీసుకోండిరా, పందిలా కాదు. గురువారం తెల్లవారు జామున తీసుకుని వాడకుండా వదిలేసిన ఆ ఊపిరి. ఇథెల్ తీసుకున్నాడు. లోపల ఎక్కడో చెయ్యి మోచేతి దాకా వెళ్ళింది, జారుతోంది, జారుతోంది, గిట్ట దొరికింది.

*తొట్టి కోసం కొట్టిన చెట్టు పక్కన*
*ఇంకో చెట్టు ఎదుగుతూ ఉంది…*

గొంతు గరుకుగా, వణుకుతూ వచ్చింది, నాన్నది కాదు, తనదీ కాదు. అయినా నిలబడింది. రెండో పాదానికి పైన ఇద్వల్ వచ్చి వాలాడు. నడుమ లౌరి చేరింది. సిలువకు ఎదుగుతున్న ఆ చెట్టు కొమ్మ కొమ్మా పెరిగింది. ఎనిమిది, తొమ్మిది. పదిలో ఇద్వల్ గొంతు ఒకచోట తెగింది. ఇథెల్ తన స్వరాన్ని కొంచెం పొడిగించి పట్టుకున్నాడు, అటు వాడు మళ్ళీ అందుకునేదాకా. పన్నెండు. చివర తలుపు తెరిచిన గది. షడ్జమం, పంచమం, మధ్య గాలి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ దగ్గలేదు. పాస్టరు గారు చీకట్లో ముక్కు తుడుచుకున్న చప్పుడు మాత్రం వినపడింది. ఎవరి బల్లలోకి వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. తర్వాత వాళ్ళు లేచారు, ఆ తర్వాత వాళ్ళు, పాటలు సాగాయి. ఇథెల్ ఇప్పుడు ప్రతి పాటా విన్నాడు.

బయటికి వచ్చేసరికి వెలుగు వస్తోంది, మబ్బు నెత్తి మీదికి వచ్చి మంచు రవ్వలు రాలుస్తోంది. పాటలయ్యేదాకా ఆగిందన్నమాట. ముగ్గురూ కొండ దారి పట్టారు. టెగిడ్ ఒక్కసారి, "ఇంతకీ ఎవరన్నా నాకు చెబుతారా ఏమైందో?" అన్నాడు. లౌరి అతని చెయ్యి పట్టుకుని, "తిన్నాక చెబుతాలే మామా" అంది. ప్లగైన్ పొద్దున ఎగువ వైపు పాటగాళ్ళకు తిండి బ్రినీథిన్‌లోనే, అది తాతల నాటి మాట. ఇద్వల్ ఎగువ వాడు కాదు ఇప్పుడు. ఇథెల్ వెనక్కి చూడలేదు. పొలం గేటు దగ్గరకు వచ్చాడు, తెరిచాడు, వాళ్ళిద్దరినీ పోనిచ్చాడు, తనూ దాటాడు. ఆ కొండల్లో గేటు తెరిచి వదిలేసినవాణ్ణి మనిషి అనరు. గొర్రెలు పోతాయి, పరువు పోతుంది. ఇథెల్ దాన్ని బార్లా వదిలేసి నడిచాడు. పది అడుగులు. ఇరవై. చెవులు మళ్ళీ వెనకే ఉన్నాయి. కొట్టం మూల తిరిగేటప్పుడు గడియ మోగింది, పడినప్పుడు ఒకసారి, కుదురుకున్నప్పుడు ఒకసారి.

నెస్టా తలుపు తీసి, మగడి వెనక వస్తున్న మనిషిని చూసి, లోపలికి వెళ్ళి ఇంకో పళ్ళెం తెచ్చింది. వేయించిన పంది మాంసం, రొట్టె, వెన్న, నల్లటి టీ. బల్ల మధ్యలో ఎర్రావు జున్నుపాలతో పొయ్యిలో కాల్చిన జున్ను, మట్టి పాత్రలో, పైన గోధుమరంగు మీగడ తొడుగు, అంచుల దగ్గర నల్లగా మాడి. నాన్న కుర్చీ పొయ్యి పక్కన ఉంది. దాని మీద ఎవరూ కూర్చోలేదు, దాన్ని ఎవరూ జరపలేదు. ఇద్వల్ గోడ వైపు బల్ల మీద, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. టోపీ ఎక్కడ పెట్టాలో ఒక క్షణం వెతుక్కుని మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇథెల్ ఎడం చేత్తో కత్తి తీసుకున్నాడు, కుడిది ఇంకా సరిగ్గా పట్టడం లేదు. జున్ను పాత్ర మూలలో, బాగా మాడిన చోట, చిన్నప్పుడు ఇద్దరూ కొట్టుకుని చెంపదెబ్బలు తిన్న ఆ మూలను కోసి, తమ్ముడి పళ్ళెంలో పెట్టాడు.

ఇద్వల్ దాని వైపు చూశాడు. తర్వాత రొట్టె విరిచాడు. మంచు కిటికీ అద్దం మీద పడి కరుగుతోంది. ఐదుగురూ తింటున్నారు, చెంచాల చప్పుడు, నిప్పు చిటపట. కొట్టంలో దూడ ఒకసారి అరిచింది. మాంసం అయింది, రొట్టె అయింది, టీ అయింది. ఇద్వల్ ఆ మూల ముక్కను చివరికి దాచుకున్నాడు, చిన్నప్పటిలాగే.